ఏడో గడిలో ఏముంది? మైక్రోకంట్రోలర్‌లో స్ట్రింగులు, వాటిలోని అక్షరాలు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకి తెర కనబడుతోంది కదా? సరే.

తెర మీద ఉన్నది జీపీఎస్ మాడ్యూల్ సీరియల్ పోర్టు గుండా పంపే ఒక లైను. చదువుతాను, వినండి. డాలర్ గుర్తు, జీపీఆర్ఎంసీ, కామా, 123519, కామా, 'ఏ' అనే ఇంగ్లిష్ అక్షరం, కామా, 4807.038, కామా, 'ఎన్', కామా... ఇలా సాగి చివర్లో నక్షత్రం గుర్తు, దాని వెనకాల 6, ఆ పక్కన మళ్లీ 'ఏ'. ఎన్ఎంఈఏ 0183 అనే ప్రమాణం ఈ రూపాన్ని నిర్ణయించింది. సమయం 12 గంటల 35 నిమిషాల 19 సెకన్లు. అక్షాంశం 48 డిగ్రీల 7.038 నిమిషాలు. మనిషి కంటికి ఇది ఇట్టే తెలుస్తుంది. మైక్రోకంట్రోలర్‌కి తెలియాలంటే ఒక్కో అక్షరాన్నీ మనమే తీసి దాని చేతిలో పెట్టాలి. ఆ తీయడం గురించే ఇవాళ్టి మాట.

మెమరీలో ఇది ఎలా కూర్చుంటుందో ముందు చూద్దాం. ఒక్కో బైటు ఒక్కో గడి. గడులు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో సందు ఉండదు. గడిలో నిజానికి అక్షరం ఉండదు, సంఖ్య ఉంటుంది. ఒక్కో గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే ఆస్కీ పట్టికలో డాలర్ గుర్తుకి 36. పెద్ద 'జీ'కి 71. కామాకి 44. లైను చివర, అక్షరాలన్నీ అయిపోయాక, ఒక గడిలో వట్టి సున్నా ఉంటుంది. అదే నల్ బైటు, స్ట్రింగ్, అంటే ఈ అక్షరాల వరస, ఇక్కడితో ముగిసిందని చెప్పే గుర్తు. అందుకే అయిదు అక్షరాల మాటకి ఆరు గడులు కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అయిదే కేటాయిస్తారు. అప్పుడు చివరి సున్నాకి చోటుండదు. ప్రింట్ చేస్తే మాట తర్వాత పిచ్చి గుర్తులు వరసగా వస్తాయి, ఎక్కడో అనుకోకుండా ఒక సున్నా తగిలేదాకా.

ఇప్పుడు, ఈ గడుల వరసకి, అంటే అర్రేకి, 'బఫ్' అని పేరు పెట్టాం అనుకోండి. బఫ్[7] అని రాస్తే ప్రాసెసర్ చేసే పని ఒక్కటే: బఫ్ మొదలయ్యే చిరునామాకి ఏడు కలిపి, అక్కడున్న బైటు తెస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి డాలర్ గుర్తు బఫ్[0]. జీపీఆర్ఎంసీ అయిదు అక్షరాలూ 1 నుంచి 5 దాకా. మొదటి కామా బఫ్[6]. గంటల్లో మొదటి అంకె బఫ్[7]. కాగితం మీద గడులు గీసి, కింద సంఖ్యలు వేసుకోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అనే తప్పు తలలో లెక్కపెట్టుకున్నప్పుడే జరుగుతుంది.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. బఫ్‌కి 83 గడులున్నాయి. ఇండెక్స్, అంటే గడి సంఖ్య, ఒక వేరియబుల్‌లో ఉండి, అది ఎలాగో 90 అయింది. సీ భాషలో ఎవరూ ఆపరు. కంపైలర్ కిక్కురుమనదు, ప్రాసెసర్ కూడా అడ్డుకోదు. మొదలు చిరునామాకి 90 కలిపి అక్కడికే వెళుతుంది. చదవడమైతే చెత్త వస్తుంది, అంతవరకే. రాయడమైతే పక్క వేరియబుల్ ఇల్లు కూలుతుంది. దాని లక్షణం ఎలా ఉంటుందంటే, స్ట్రింగ్‌తో ఏ సంబంధమూ లేని మోటారు వేగమో, కౌంటరో ఉన్నట్టుండి మారిపోతుంది. రోజంతా ఆ కౌంటర్ కోడ్‌లో వెతుకుతారు. తప్పు అక్కడ ఉండదు. ఏటీమెగా328పీ చిప్‌లో ర్యామ్ 2048 బైట్లు, చిరునామాలు 256 నుంచి 2303 దాకా. అదే వరసలో సున్నా నుంచి 31 దాకా ఉన్న చిరునామాల్లో ప్రాసెసర్ సొంత రిజిస్టర్లు ఉంటాయి. అంటే నల్ పాయింటర్ (సున్నా చిరునామాని చూపే వేరియబుల్) పట్టుకుని అక్షరం రాస్తే అది నేరుగా రిజిస్టర్లలో పడుతుంది. కంప్యూటర్‌లో అయితే ప్రోగ్రామ్ ఆగి ఎర్రర్ చూపిస్తుంది. ఇక్కడ ఆగదు, తప్పుడు లెక్కలతో నడుస్తూనే ఉంటుంది.

కాబట్టి కాపలా మనమే కాయాలి. అక్షరాలు నింపే చోట కోడ్ ఇలా ఉండాలి. సీరియల్ నుంచి ఒక బైటు వచ్చింది. అది డాలర్ అయితే స్థానాన్ని సున్నాకి తెచ్చి, ఆ డాలర్‌నే బఫ్[0]లో వేస్తాం. అది 13 అయితే, అంటే క్యారేజ్ రిటర్న్ అయితే, వదిలేస్తాం. 10 అయితే, అంటే లైన్ ఫీడ్ అయితే, ఇప్పుడున్న స్థానంలో సున్నా వేసి 'లైను సిద్ధం' అని జెండా ఎత్తుతాం. ఇంకేదైనా అయితే, స్థానం బఫ్ సైజు కంటే ఒకటి తక్కువ ఉన్న సంఖ్య లోపే ఉందా అని చూసి, ఉంటేనే రాస్తాం. ఆ 'ఒకటి తక్కువ' చివరి సున్నా కోసం. హద్దు దాటితే ఆ లైను మొత్తం పారేసి, మళ్లీ డాలర్ వచ్చేదాకా ఊరుకుంటాం. సగం లైను దాచుకుంటే లాభం లేదు. ప్రమాణం ప్రకారం ఒక లైను ముగింపు గుర్తులతో కలిపి 82 అక్షరాలు మించదు, అందుకే 83 గడులు చాలు.

సైజు అడిగేటప్పుడు సైజాఫ్ వాడతారు. బఫ్ ప్రకటించిన చోట అది 83 అని చెబుతుంది. అదే బఫ్‌ని ఒక ఫంక్షన్‌కి పంపి, ఆ ఫంక్షన్ లోపల సైజాఫ్ అడిగితే ఏటీమెగా328పీ లాంటి ఏవీఆర్ చిప్‌ల మీద 2 వస్తుంది, 32 బిట్ల ఆర్మ్ చిప్‌ల మీద 4 వస్తుంది. లోపలికి వెళ్లేది అర్రే కాదు, దాని పాయింటర్. అందుకని సైజుని వేరే పారామీటర్‌గా పంపాలి. స్ట్రెలెన్ సంగతి వేరు, అది సున్నా దొరికేదాకా గడులు లెక్కపెడుతుంది. లూప్ షరతులో దాన్ని పెడితే ప్రతి చుట్టుకీ మొదటి నుంచి లెక్కపెట్టే అవకాశం ఉంది. లూప్ బయట ఒకసారి లెక్కపెట్టి దాచుకోండి. లేదా బఫ్[ఐ] సున్నా అయ్యేదాకా నడవండి, పొడవుతో పనే లేదు.

వెనక నుంచి ముందుకి నడిచేవాళ్లకి ఒక మాట. ఇండెక్స్‌ని బైట్ టైపులో పెట్టి 'సున్నా కంటే ఎక్కువో సమానమో ఉన్నంతవరకు' అని రాస్తే ఆ లూప్ ఎప్పటికీ ముగియదు. బైట్‌లో సున్నా నుంచి ఒకటి తీస్తే 255 అవుతుంది.

సరే, గంటలు తీద్దాం. బఫ్[7]లో '1' ఉంది. విలువ 49. మనకి కావాల్సింది ఒకటి. అంకెల గుర్తులు 48 నుంచి 57 దాకా వరసగా ఉంటాయి కాబట్టి '0' తీసేస్తే అంకె మిగులుతుంది. గంటలు = (బఫ్[7] - '0') * 10 + (బఫ్[8] - '0'). అంటే 1 ఇంటూ పది, ప్లస్ రెండు, పన్నెండు. 48 అని నేరుగా రాయొచ్చు, కానీ '0' అని రాస్తే చదివేవాడికి ఉద్దేశం తెలుస్తుంది. ఇందుకు, అంకెల అక్షరాల్ని సంఖ్యగా మార్చే ఎటాయ్ ఫంక్షన్ ఉంది కదా అంటారు. &బఫ్[7] ఇచ్చి ఎటాయ్ పిలిస్తే అది రెండు అంకెల దగ్గర ఆగదు, అంకె కానిది వచ్చేదాకా చదువుతుంది, 123519 అని. ఏవీఆర్ మీద ఇంట్ అంటే 16 బిట్లు, గరిష్ఠం 32767. ఫలితం చెత్త. ఎటోల్ వాడితే 32 బిట్లు కాబట్టి పడుతుంది, ఆ తర్వాత పదివేలతో భాగించి గంటలు తీసుకోవచ్చు. కానీ రెండు గడుల పనికి భాగహారం దేనికి?

కొటేషన్ల సంగతి కూడా ఇక్కడే. ఒంటి కొటేషన్‌లో పెద్ద 'ఏ' అంటే 65 అనే సంఖ్య. జంట కొటేషన్‌లో పెడితే రెండు గడుల అర్రే, అక్షరం ఒకటి, సున్నా ఒకటి. బఫ్[0]ని జంట కొటేషన్‌లో ఉన్న డాలర్‌తో పోల్చారంటే ఒక సంఖ్యని ఒక చిరునామాతో పోలుస్తున్నారన్నమాట. కంపైలర్ సెట్టింగులను బట్టి అది ఎర్రర్ కావచ్చు, ఒట్టి హెచ్చరిక కావచ్చు. హెచ్చరికే అయితే ప్రోగ్రామ్ ఎక్కుతుంది, షరతు మాత్రం ఎన్నడూ నిజం కాదు. హెచ్చరికలు కనబడకుండా దాచుకోవడం మంచి అలవాటు కాదు.

ప్రింట్ చేసేటప్పుడూ ఒక తికమక ఉంది. బఫ్[1] ప్రింట్ చేస్తే 'జీ' అక్షరం వస్తుంది. బఫ్[1] + 1 ప్రింట్ చేస్తే 'హెచ్' రాదు, 72 వస్తుంది. చార్‌కి సంఖ్య కలపగానే ఫలితం ఇంట్ అయిపోతుంది, ప్రింట్ ఫంక్షన్ టైపు చూసి నడుచుకుంటుంది. అక్షరమే కావాలంటే మళ్లీ చార్‌గా మార్చి ఇవ్వాలి.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. కామాల మధ్య ఒంటరిగా ఉన్న ఆ 'ఏ' చాలా ముఖ్యం. 'ఏ' ఉంటే స్థానం నమ్మదగ్గది, 'వీ' ఉంటే ఇంకా ఉపగ్రహాలు సరిగ్గా దొరకలేదని. తెర మీది లైనులో అది ఎక్కడుంది? సమయం 7 నుంచి 12 దాకా, కామా 13, కాబట్టి బఫ్[14]. అలా రాసేసి పరీక్షిస్తే పనిచేస్తుంది. మరో మాడ్యూల్ పెట్టగానే పనిచేయడం మానేస్తుంది. ఎందుకంటే అది సమయాన్ని 123519.00 అని పంపుతోంది. చుక్క, రెండు సున్నాలు, మూడు గడులు ఎక్కువ. అక్షరం బఫ్[17]కి జరిగిపోయింది. బఫ్[14]లో ఇప్పుడు '0' ఉంది.

పరిష్కారం, స్థానాన్ని గుర్తుపెట్టుకోకుండా కామాలు లెక్కపెట్టడం. మొదటి గడి నుంచి నడుస్తూ, కామా తగిలిన ప్రతిసారీ కౌంటర్ పెంచి, కావాల్సిన సంఖ్య రాగానే ఆ తర్వాతి గడి ఇండెక్స్ తిరిగి ఇచ్చే చిన్న ఫంక్షన్ రాసుకోండి. పది లైన్లు కూడా కాదు. మధ్యలో సున్నా తగిలితే మైనస్ ఒకటి ఇవ్వాలి, అంటే అన్ని కామాలు లేవని. దీనికి, లైనుని ముక్కలుగా కోసే స్ట్రెటాక్ ఫంక్షన్ వాడమని చాలాచోట్ల సలహా కనబడుతుంది. ఈ లైనుకి అది పనికిరాదు. రెండు కామాలు పక్కపక్కనే వస్తే స్ట్రెటాక్ వాటిని ఒకే కామాగా చూస్తుంది, ఖాళీ భాగాన్ని మింగేస్తుంది. ఉపగ్రహాలు దొరకనప్పుడు జీపీఎస్ పంపేది సరిగ్గా అలాంటి ఖాళీలే. అప్పుడు నాలుగో భాగం మూడోదిగా లెక్కకి వస్తుంది. పైగా స్ట్రెటాక్ కామాల చోట సున్నాలు రాసేస్తుంది, అసలు లైను చెడిపోతుంది. ఆ తర్వాత చెక్‌సమ్, అంటే లైను చెడకుండా వచ్చిందో లేదో తేల్చే, నక్షత్రం వెనకాలి సంఖ్య, లెక్కపెడదామంటే కుదరదు.

చెక్‌సమ్ ఎందుకు అనకండి. 9600 బాడ్ దగ్గర, అంటే సెకనుకి 9600 బిట్ల వేగంతో, ఒక అక్షరానికి పది బిట్లు, అంటే సుమారు ఒక మిల్లీసెకను. ఏటీమెగా328పీ బోర్డుల్లో ఆర్డుయినో సీరియల్ బఫర్ (వచ్చిన అక్షరాలు మనం చదివేదాకా ఆగే చోటు) 64 బైట్లు, అంటే దాదాపు 67 మిల్లీసెకన్లలో నిండుతుంది. లూప్‌లో ఎవరో 100 మిల్లీసెకన్ల డిలే పెట్టారు. నిండిపోయాక వచ్చిన అక్షరాలు పోతాయి, ఎర్రర్ రాదు. లైను నడుమ కొన్ని అక్షరాలు మాయమై, మిగతావి ముందుకి జరుగుతాయి. ఏడో గడిలో ఉండాల్సింది ఇంకెక్కడో ఉంటుంది. చూడటానికి లైను బాగానే ఉన్నట్టుంటుంది. దాన్ని పట్టేది చెక్‌సమే.

లెక్క తేలిక. బఫ్[1] నుంచి మొదలుపెట్టి నక్షత్రం గుర్తు వచ్చేదాకా ప్రతి బైటునీ ఎక్స్‌ఆర్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 ఇచ్చే లెక్క) చేయాలి. డాలర్ లెక్కలోకి రాదు, నక్షత్రం రాదు, కామాలు వస్తాయి. ఆ లూప్‌లో 'నక్షత్రం వచ్చేదాకా' అని ఒక్క షరతే పెడితే, నక్షత్రమే పోయిన లైను వచ్చినప్పుడు అది బఫర్ దాటి పరిగెడుతుంది. సున్నా తగిలినా ఆగాలి, రెండు షరతులూ ఉండాలి. నక్షత్రం తర్వాతి రెండు గడులు పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. అంకె అయితే 48 తీయాలి, 'ఏ' నుంచి 'ఎఫ్' దాకా అయితే 55 తీయాలి. మన లైనులో 6, 'ఏ' ఉన్నాయి కాబట్టి 6 ఇంటూ 16 ప్లస్ 10, అంటే 106. ఎక్స్‌ఆర్ ఫలితం కూడా 106 అయితేనే ఆ లైనుని ముట్టుకోండి.

అక్షాంశం గురించి ఒక్క మాట. 4807.038 అంటే 48.07 డిగ్రీలు కాదు. మొదటి రెండు గడులు డిగ్రీలు, మిగతాది నిమిషాలు. 7.038ని 60తో భాగిస్తే 0.1173, మొత్తం 48.1173. రేఖాంశంలో డిగ్రీలకి మూడు గడులు. మొత్తాన్నీ దశాంశ సంఖ్యగా మార్చే ఎటాఫ్‌కి అప్పగిస్తే ఇంకో నష్టం ఉంది. ఏవీఆర్ మీద దశాంశ సంఖ్యల టైపులైన ఫ్లోట్‌కీ డబుల్‌కీ మామూలుగా నాలుగే బైట్లు, ఏడంకెల దాకానే నమ్మొచ్చు. నిమిషాలకి అయిదు దశాంశాలు పంపే మాడ్యూళ్లున్నాయి, వాటి చివరి అంకెలు గాలిలో కలుస్తాయి. డిగ్రీలు విడిగా, నిమిషాలు చుక్క లేకుండా ఒక లాంగ్ సంఖ్యగా అక్షరం అక్షరం కూడబెట్టుకుంటే ఏదీ పోదు.

ఇక ఆర్డుయినోలో పెద్ద 'ఎస్'తో మొదలయ్యే స్ట్రింగ్ క్లాస్. చార్‌ఎట్ ఇచ్చిన స్థానంలోని అక్షరాన్ని ఇస్తుంది, సెట్‌చార్‌ఎట్ మారుస్తుంది, చదరపు బ్రాకెట్లు కూడా పనిచేస్తాయి. ఇక్కడ కాపలా ఉంది. పొడవు దాటి అడిగితే సున్నా వస్తుంది, పొడవు దాటి రాయమంటే ఏమీ జరగదు. ఏమీ జరగదు అన్నది గుర్తుంచుకోండి. సెట్‌చార్‌ఎట్‌తో స్ట్రింగ్‌ని పొడిగించలేరు. మెమరీ ఖర్చు మాత్రం వేరే కథ. ఒక్కో అక్షరం కలిపినప్పుడల్లా హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీలో) చోటు మార్చుకోవాల్సి రావచ్చు, 2048 బైట్లలో కొన్ని గంటలకి ముక్కలు ముక్కలుగా ఖాళీలు మిగులుతాయి. చోటు దొరక్కపోతే కొత్త అక్షరం కలవదు, ఎర్రరూ రాదు. ముందే రిజర్వ్ పిలిచి 90 బైట్లు పట్టుకుంటే చాలావరకు ఆ బాధ తప్పుతుంది. చిన్న చిప్‌ల మీద నిరంతరం వచ్చే డేటాకి నా ఓటు చార్ అర్రేకే. సెటప్‌లో ఒకసారి మెసేజ్ కూర్చడానికి స్ట్రింగ్ వాడితే కొంప మునిగేది లేదు.

ఫ్లాష్‌లో, అంటే ప్రోగ్రామ్ ఉండే మెమరీలో, దాచిన స్ట్రింగులు ఇంకో లోకం. ఏవీఆర్‌లో ప్రోగ్రామ్ మెమరీ, డేటా మెమరీ వేర్వేరు దారులు. ప్రోగ్‌మెమ్ అని రాసి ఫ్లాష్‌లో పెట్టిన పట్టికని పట్టిక[3] అని అడిగితే కంపైల్ అవుతుంది, కానీ అదే నంబరున్న ర్యామ్ చిరునామా నుంచి బైటు వస్తుంది. సరైన దారి పీజీఎం రీడ్ బైట్, దానికి &పట్టిక[3] ఇవ్వాలి. ఆర్మ్ చిప్‌ల మీద ఈ తేడా లేదు, మామూలు బ్రాకెట్లే చాలు. కానీ అక్కడ వేరే ఉచ్చు. చార్ పాయింటర్‌ని నేరుగా కొటేషన్‌లోని మాటకి చూపించి, దాని మొదటి అక్షరం మార్చబోతే ఏవీఆర్ మీద మారిపోతుంది, ఎందుకంటే ఆ మాట ర్యామ్‌లోకి కాపీ అయి ఉంటుంది. ఆర్మ్ మీద అది ఫ్లాష్‌లో ఉంటుంది, ప్రోగ్రామ్ అక్కడే కూలిపోవచ్చు. మార్చాల్సిన మాటని ఎప్పుడూ అర్రేగా ప్రకటించండి.

ప్రశ్నలా? అడగండి. "తెలుగు మాటలో మొదటి అక్షరం తీస్తే ఏమొస్తుంది?" మంచి ప్రశ్న. ప్రపంచ లిపులన్నిటినీ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (హల్లో, గుణింతం గుర్తో, అలాంటి ఒక్కో ముక్క) ఒక్కోదానికి మూడు బైట్లు. 'తెలుగు' అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. పొడవు అడిగితే 18 వస్తుంది. మొదటి గడిలో 224 ఉంటుంది, 'తె' కాదు. అదీ ఏవీఆర్ మీద చార్‌కి ప్లస్, మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి మైనస్ 32గా కనబడుతుంది, 224తో పోలిస్తే కుదరదు. ముందు బైట్‌గా మార్చాలి. ఒక బైటుని 192తో ఆండ్ చేస్తే 128 వచ్చిందంటే అది కోడ్ పాయింట్ మధ్యలోని బైటు, అక్కడ కత్తిరించకూడదు. అంత చేసినా మన అక్షరం దొరకదు. 'స్త్రీ' చూడటానికి ఒక్క అక్షరం, లోపల ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. డిగ్రీ గుర్తుదీ ఇదే గొడవ. కోడ్‌లో టైప్ చేస్తే రెండు బైట్లు, 194, 176. హెచ్‌డీ44780 తరహా ఎల్‌సీడీ మీద రెండు వింత గుర్తులు పడతాయి. మామూలుగా దొరికే జపనీస్ క్యారెక్టర్ పట్టిక ఉన్న డిస్‌ప్లేకి 223 పంపితే ఆ చిన్న సున్నా వస్తుంది.

"మైక్రోపైథాన్‌లో ఇవన్నీ ఉండవు కదా?" చిన్న చిప్‌ల కోసం చేసిన ఆ పైథాన్‌లో హద్దు దాటితే ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది, అది సుఖం. కానీ యూఆర్ట్, అంటే సీరియల్ పోర్టు, నుంచి వచ్చేది స్ట్రింగ్ కాదు, బైట్స్. బైట్స్‌లో [0] అంటే సంఖ్య, స్ట్రింగ్‌లో [0] అంటే ఒక అక్షరం ఉన్న స్ట్రింగ్. 36ని డాలర్ స్ట్రింగ్‌తో పోలిస్తే ఎర్రర్ లేకుండా ఎప్పుడూ అబద్ధమే వస్తుంది. స్ట్రింగ్‌లో అక్షరం మార్చడమూ కుదరదు. మార్చాలంటే బైట్‌అర్రే తీసుకోండి.

చివరి ప్రశ్న. "సీరియల్ మానిటర్‌లో రెండక్షరాల కమాండ్ సరిగ్గానే టైప్ చేస్తున్నా, రెండు స్ట్రింగుల్ని పోల్చే స్ట్రెకంప్ సమానం అనడం లేదు." వచ్చిన స్ట్రింగ్‌ని అక్షరాలుగా కాదు, ఒక్కో గడినీ సంఖ్యగా ప్రింట్ చేయండి, మధ్యలో ఖాళీ పెట్టి. రెండు సంఖ్యలు రావాల్సిన చోట నాలుగు వస్తాయి, చివరి రెండూ 13, 10. మానిటర్‌లోని లైన్ ముగింపు సెట్టింగ్ అవి కలుపుతోంది. సెట్టింగ్ మార్చకండి, రేపు ఇంకొకరు ఇంకో సెట్టింగ్‌తో వస్తారు. కోడ్‌లోనే, చివరి గడి నుంచి వెనక్కి వస్తూ 13, 10, 32 కనబడినంతసేపు వాటి స్థానంలో సున్నా వేయండి. స్థానం సున్నా కంటే ఎక్కువ ఉన్నంతవరకే వెనక్కి రండి, ఖాళీ లైను వచ్చినప్పుడు మైనస్ ఒకటో గడిలోకి జారిపోకుండా.